అరలు మారిన పుస్తకాలు

మా మేనల్లుడు ఈమధ్య నన్ను పేరుపెట్టి పిలుస్తున్నాడు.

మొన్న ఆదివారం గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, బడి రిజిస్టర్లో ఉన్న నా పూర్తి పేరు పలికి, దాని తోకకు "మావయ్యా" తగిలించి, ఎలా ఉన్నావన్నాడు. మంచినీళ్లు తాగి మళ్లీ అదే పేరు, అదే తోక, బీపీ ఎలా ఉందన్నాడు. గ్లాసు కిందపెట్టి, కొండనాలుక కనపడేలా నవ్వి, మూడోసారి కూడా పేరు పలికి, "నీ అభిప్రాయం నాకు చాలా విలువైంది" అన్నాడు. వంటింట్లోంచి మా ఆవిడ తొంగిచూసింది. మన ఇళ్లలో పెద్దవాళ్లను పూర్తి పేరుతో పిలిచేది ఇద్దరే. ఒకరు గోత్రనామాలు చదివే పురోహితుడు, రెండోవాడు వాయిదా కట్టకపోతే ఫోన్ చేసే బ్యాంకువాడు. వీడు ఆ ఇద్దరూ కాదు. వీడు పుస్తకం చదివొచ్చాడు.

ఆ పుస్తకం 1936 నాటిది. పేరు 'హౌ టు విన్ ఫ్రెండ్స్ అండ్ ఇన్‌ఫ్లుయెన్స్ పీపుల్', రాసింది డేల్ కార్నెగీ. ఎదుటివాడి పేరు గుర్తుపెట్టుకుని పిలిస్తే కరిగిపోతాడని అందులో ఒక అధ్యాయమే ఉంది. అమెరికాలో కరుగుతారేమో. మా అమ్మ నలభయ్యేళ్ల కాపురంలో మా నాన్న పేరు ఒక్కసారి కూడా నోటంట రానివ్వలేదు. రేషన్ కార్డు రాసేవాడు అడిగితే నన్ను ముందుకు తోసేది. అయినా ఆయన్ని ఆవిడ ఎంతగా 'ఇన్‌ఫ్లుయెన్స్' చేసిందో మా వీధి వీధంతటికీ తెలుసు. ఇంకో ముచ్చట ఉంది. పేరు మహిమ మీద ఇంత చెప్పినాయన తన పేరునే ఉన్నదున్నట్టు ఉంచుకోలేదు. మిస్సోరీలో రైతుబిడ్డగా పుట్టినప్పుడు ఆ ఇంటిపేరు స్పెల్లింగు వేరు. న్యూయార్కులో ఉపన్యాసకళ పాఠాలు చెబుతూ నిలదొక్కుకున్నాక, ఉక్కు చక్రవర్తి ఆండ్రూ కార్నెగీ పేరుకు సరిపోయేట్టు అక్షరాలు దిద్దుకున్నాడు. చుట్టరికం ఏమీ లేదు. మన సినిమావాళ్లు జోస్యుణ్ణి అడిగి ఒక అక్షరం పెంచుకుంటారు చూడండి, అదే వైద్యం.

మావాడు బ్యాగు తెరిచి టీపాయ్ మీద నాలుగు పుస్తకాలు పేర్చాడు. కార్నెగీ సరే, పక్కన నెపోలియన్ హిల్ 'థింక్ అండ్ గ్రో రిచ్', క్లాసన్ 'ద రిచెస్ట్ మ్యాన్ ఇన్ బాబిలోన్', వాటిల్స్ 'ద సైన్స్ ఆఫ్ గెటింగ్ రిచ్'.

"ఇవన్నీ క్లాసిక్స్. వందేళ్లుగా నిలబడ్డవి. నా వయసులో ఉన్నప్పుడు నీకెవరైనా ఇచ్చుంటే నువ్విలా ఉండేవాడివి కాదు" అంటూ సున్నం పెచ్చులూడిన మా గోడకేసి చూశాడు.

వాడి తప్పు లేదు. ఓ వ్యాపారంలో చేరాడు. దాని పేరు చెప్పను. ఆదివారం పొద్దున ఫంక్షన్ హాల్లో చప్పట్లు, మధ్యాహ్నం బిర్యానీ పొట్లం, ఇంట్లో అటకమీద ప్రొటీన్ పొడి డబ్బాలు, ఈ మూడు ఆనవాళ్లూ చాలు. డబ్బాలతోపాటు ఈ పుస్తకాల కిట్టు కూడా అంటగట్టారట.

నాలుగూ నేనెప్పుడో చదివినవే. చదివినప్పుడల్లా నాకొకటే అనుమానం. పుస్తకాల కొట్టువాళ్లు ఎక్కడో అరలు మార్చేశారు. అచ్చమైన కల్పనలు తీసుకెళ్లి వ్యక్తిత్వ వికాసం అరలో పెట్టారు. మనిషికి జాగ్రత్తలు చెప్పేవాటిని నవలల అరలోకి తోశారు. వందేళ్లుగా ఎవరూ సర్దలేదు.

హిల్‌నే తీసుకోండి. ఆయన పుస్తకం వచ్చింది 1937లో. దాని పునాది మొత్తం ఒక్క కథ. 1908లో తాను కుర్ర విలేఖరిగా ఉండగా ఆండ్రూ కార్నెగీ పిలిచాడట. దేశంలో గొప్పవాళ్లందర్నీ కలిసి విజయరహస్యం రాబట్టు, ఇరవయ్యేళ్లు పడుతుంది, జీతం మాత్రం పైసా ఇవ్వను అన్నాడట. ఈయన సరేనన్నాడట. ఈ మాట చెప్పింది హిల్, విన్నది హిల్. కార్నెగీ వైపునుంచి దీనికి చీటీముక్క ఆధారం దొరకలేదు. కార్నెగీ 1919లో పోయాడు. హిల్ మొదటి పెద్ద గ్రంథం 1928లో వచ్చింది. కాదు, కూడదు అనాల్సిన మనిషి అప్పటికి పోయి తొమ్మిదేళ్లు. పిల్లికి ఎలుక సాక్ష్యమంటారు. ఇక్కడ ఎలుక కూడా లేదు, పిల్లే రెండు చోట్లా సంతకం పెట్టింది.

అసలు రసం పుస్తకం చివర్లో ఉంది. రీల్స్‌లో అరనిమిషంలో ఈ పుస్తకం సారం చెప్పేవాళ్లెవరూ అక్కడిదాకా రారు. రోజూ రాత్రి నిద్రపోయే ముందు హిల్ కళ్లు మూసుకుని తొమ్మిదిమందితో సభ జరిపేవాడు. ఎమర్సన్, పెయిన్, ఎడిసన్, డార్విన్, లింకన్, బర్బాంక్, నెపోలియన్, ఫోర్డ్, కార్నెగీ సభ్యులు. సభాధ్యక్షులు శ్రీ హిల్. తలొక సుగుణం ఇమ్మని ఒక్కొక్కరినీ అడిగేవాడు. కొన్నాళ్లకు సభ్యులు సొంత బుద్ధులతో మసలడం మొదలెట్టారు. లింకన్ ఆలస్యంగా రావడం మరిగాడు. బర్బాంక్, పెయిన్ ఒకరిమీదొకరు చతుర్లు విసురుకునేవారు. చివరికి ఈయనకే భయమేసి కొన్ని నెలలు సభలు మానుకున్నాడు. ఇది నా ఎగతాళి కాదు, ఆయనే రాసుకున్నాడు. ఆండ్రూ కార్నెగీతో హిల్ మాట్లాడాడనడానికి నాకు కనిపించిన గట్టి దాఖలా ఈ రాత్రి సభలే. మన ఊళ్లలో ఎవరైనా ఇలా చెబితే వేపమండలు పట్టుకొచ్చి భూతవైద్యుణ్ణి పిలిచేవారు. అమెరికాలో ప్రచురణకర్తను పిలిచారు.

దాన్ని నవలల అరలో పెట్టి చూడండి, ఎంత గొప్ప పుస్తకమో! పేరులోనే నెపోలియన్ ఉన్న ఓ పేదింటి కుర్రాడు, అసలు నెపోలియన్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని రాత్రుళ్లు మాట్లాడుకుంటున్నాడు. బయట చూస్తే ఆకలి. 1933లో అమెరికాలో శ్రామికుల్లో నలుగురికి ఒకరు ఖాళీ. ఉచిత రొట్టె కోసం బారులు తీరిన ఆ దేశానికి, లోపం మీ జేబులో కాదు, మీ కోరికలో ఉంది, ఇంకాస్త మండించండి అని చెప్పిన పుస్తకమిది. నవల అనుకుంటే గుండె చెరువవుతుంది. పాఠ్యపుస్తకం అనుకుంటే ప్రొటీన్ పొడి మిగులుతుంది.

వాటిల్స్ గురించి ఎక్కువ చెప్పను. 1910లో ధనవంతులయ్యే శాస్త్రం రాశాడు. 'ఒకానొక విధంగా' ఆలోచిస్తే డబ్బు వచ్చి తీరుతుందని, అది లెక్కల శాస్త్రమంత ఖాయమని ఆయన మాట. అదే ఏడు ఆరోగ్యంగా ఉండే శాస్త్రం కూడా రాశాడు. 1911లో, యాభయ్యేళ్లకే పోయాడు. చావుమీద ఎకసెక్కం తగదు కాబట్టి ఇక్కడితో ఆపుతున్నాను. ఆపేముందు ఒక్క సంగతి. ఈయన సోషలిస్టు. 1908లో ఇండియానాలో ఆ పార్టీ తరఫున అమెరికన్ కాంగ్రెసుకు పోటీచేశాడు. ఆ ధనవంతులయ్యే శాస్త్రమే 2006లో 'ద సీక్రెట్'కు ప్రేరణయింది. ఇప్పుడు మావాడి కిట్టులో, డబ్బాల బిల్లుపుస్తకం పక్కన పడుంది.

బాబిలోన్ పుస్తకం పాపం మంచిదే. 1926 నాటిది. అంతకుముందు విడివిడి కరపత్రాలుగా వస్తే బ్యాంకులూ బీమా కంపెనీలూ జనానికి పంచాయి. రాబడిలో పదోవంతు ముందే తీసి పక్కనపెట్టుకోమంటుంది. అక్షరసత్యం. కాకపోతే ఈ ముక్క వినడానికి బాబిలోన్ దాకా వెళ్లి రథాలు చేసేవాడి మొర వినక్కర్లేదు. మా అమ్మమ్మ పోపుల డబ్బాలో మెంతుల గిన్నె ఎత్తితే అడుగున మడతపెట్టిన నోట్లుండేవి. 1930కీ 1933కీ మధ్య అమెరికాలో దాదాపు 9,000 బ్యాంకులు మూతపడ్డాయి. మా అమ్మమ్మ పోపుల డబ్బాకు మూతపడేది రోజుకు రెండుసార్లే, వంటయ్యాక.

"అయితే అన్నీ చెత్తేనా?" అన్నాడు మావాడు. పేరు మర్చిపోయాడు, కోపమొచ్చినట్టుంది.

కాదు. ఆ కాలపు హితోక్తుల్లో ఒక్కదాన్ని మాత్రం నేను అరలోంచి కదల్చను. ఆర్నల్డ్ బెనెట్ రాసిన 'హౌ టు లివ్ ఆన్ ట్వంటీ ఫోర్ అవర్స్ ఎ డే', 1908. ఒక మధ్యాహ్నంలో అయిపోయే బుల్లి పుస్తకం. కోటీశ్వరుణ్ణి చేస్తానని ఎక్కడా అనడు. లండన్ శివార్లనుంచి రైల్లో పేపరు చదువుకుంటూ వచ్చిపోయే గుమాస్తాను పట్టుకుని, బాబూ, ఆఫీసు పోను మిగిలిన పదహారు గంటలు ఎవరివి అని అడుగుతాడు. వారానికి మూడు సాయంత్రాలు, గంటన్నర చొప్పున, మనసు పెట్టి ఏదైనా చదువుకో, ఆలోచించుకో అంటాడు. అదీ చిన్నగా మొదలెట్టు, నీ టైంటేబుల్ చూపించి పక్కవాళ్ల ప్రాణం తియ్యకు అని హెచ్చరిస్తాడు. ఈ ఒక్క హెచ్చరిక పాటించినా మన వాట్సాప్ గ్రూపుల్లో తెల్లవారుజామున సగం సందేశాలు రావు. గమ్మత్తేమిటంటే బెనెట్ స్వయంగా గొప్ప నవలాకారుడు. అయినా ఆ గంటన్నరలో నవలలు చదవొద్దన్నాడు, మంచి నవల కష్టపెట్టకుండా సాగిపోతుందట. ఆ ముక్క మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకొప్పుకోనో చూపిస్తాను, చెప్పులేసుకో అన్నాను మావాడితో.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్. మూసిన షట్టర్ల ముందు పుస్తకాల తివాచీ. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు ముందు వరసలో, ప్లాస్టిక్ కవర్లలో, ఇటుకల్లా పేర్చి ఉన్నాయి. నవలలు వెనక చెట్టు మొదట్లో కుప్ప. వెన్నులు విరిగి, ఎవరిదో పెళ్లి శుభలేఖ పేజీ గుర్తుగా మిగిలిపోయి, బోర్లా పడున్నాయి.

"సక్సెస్ బుక్కులు ఫిక్స్ రేటు సార్. ఆ కుప్పలో స్టోరీ బుక్కులు ఏదైనా యాభై" అన్నాడు అమ్మేవాడు.

మార్కెట్ మాట అయిపోయింది. కుప్పముందు గొంతుక్కూర్చున్నాం.

మొదట చేతికొచ్చింది అప్టన్ సింక్లెయిర్ 'ద జంగిల్', 1906. లిథువేనియానుంచి చికాగో మాంసం ఫ్యాక్టరీలకు వలసొచ్చిన యుర్గిస్ కథ. ఆరడుగుల కండ. ఏ కష్టమొచ్చినా వాడి జవాబొక్కటే, ఇంకా గట్టిగా పనిచేస్తాను. ఫంక్షన్ హాల్లో ఈ మాటంటే లేచి నిలబడి చప్పట్లు కొడతారు. నవల అంతటితో ఊరుకోదు. చీలమండ దెబ్బతిని మంచానపడగానే వాణ్ణి ఫ్యాక్టరీ మర్చిపోతుంది. వాయిదాల మీద కొన్న ఇంటికి వడ్డీ కూడా ఉందని సంతకాలయ్యాక తెలుస్తుంది. శివార్లలో ఫ్లాటు బుక్ చేసేవాళ్లకు హిల్ బదులు ఆ అధ్యాయం చదివి వినిపించాలని నా మనవి. ఆ నవల వచ్చిన ఏడాదే అమెరికా మాంసం తనిఖీకి, ఆహారపదార్థాల కల్తీ నివారణకు చట్టాలు చేసింది. కోరిక మండించుకోమన్న పుస్తకాలు ఇన్ని కోట్లు అమ్ముడయ్యాయి కదా, ఏ ఫ్యాక్టరీలో ఏ గచ్చు కడిగించాయి?

సింక్లెయిర్ లూయిస్ 'బాబిట్' దొరకలేదు, అది మా ఇంట్లో ఉంది. 1922 నాటి ఆ నవలలో ఇళ్లస్థలాల బ్రోకరు బాబిట్ కొడుకు, బడిచదువు మానేసి పోస్టులో పాఠాలు తెప్పించుకుంటానని ప్రకటనల కత్తిరింపులు పట్టుకొస్తాడు. సభల్లో గడగడా మాట్లాడటం నేర్చుకుంటే చాలు, బాసులు వంగి దండం పెడతారని అందులో ఉంటుంది. డేల్ కార్నెగీ పుస్తకం దాని తర్వాత పద్నాలుగేళ్లకు వచ్చింది. లూయిస్‌కు 1930లో నోబెల్ ఇచ్చారు, అమెరికన్ రచయితల్లో మొదటిసారి. ఆయన వెక్కిరించిన సరుకుకు మాత్రం కొనుగోలుదార్లు తగ్గలేదు.

ఆమాటకొస్తే కార్నెగీని వెక్కిరించడానికి మనకు అమెరికా సాయం అక్కర్లేదు. చిరునవ్వు నవ్వు, ఎదుటివాడికి ఇష్టమైన విషయం ఎత్తు, అతను గొప్పవాడని అతనికే అనిపించేలా చెయ్యి అనే సూత్రాలన్నీ గిరీశం కంఠతా పట్టి ఉన్నాడు, అదీ 1909 నాటి 'కన్యాశుల్కం' రెండో కూర్పుకే. అగ్నిహోత్రావధాన్లు గుమ్మంలో మండిపడుతున్నాడు. గిరీశం వాదించలేదు. వెంకటేశంతో నాలుగు ఇంగ్లీషు ముక్కలు దంచి ముసలాయన్ని మురిపించాడు. కోర్టు కాగితాల సంగతి ఎత్తి సాయంచేస్తానన్నాడు. అంతే, ఇంట్లో వాడయిపోయాడు. కార్నెగీ పాపం ఇదంతా మనస్ఫూర్తిగా చెయ్యాలని పదేపదే చెప్పాడు. ఆ షరతు ఫంక్షన్ హాలు గుమ్మం దగ్గరే రాలిపోతుంది. గురజాడ తెలివిడి ఏమిటంటే, ఈ విద్య మరిగినవాడు ఒక ఇంట్లో జొరబడితే ఆ ఇంటి ఆడపిల్లకు ఏమవుతుందో బుచ్చమ్మను పెట్టి చూపించాడు. ఇంత పాఠం ఏ కిట్టులోనూ లేదు.

రెండోది కాఫ్కా 'మెటమార్ఫసిస్', 1915. మావాడే తీశాడు. మొదటి పేజీలు తిప్పి కళ్లు పెద్దవి చేసి, "ఇతను నాలుగింటికి అలారం పెట్టుకునేవాడా?" అన్నాడు. అవున్రా, నాలుగింటికి అలారం, అయిదింటికి రైలు. తండ్రి బాకీ తీర్చడానికి ఊరూరా తిరిగి సరుకమ్మే సేల్స్‌మన్. ఒకరోజు ఆరున్నరకి మెలకువొచ్చి చూసుకుంటే పురుగై పడున్నాడు. అప్పుడు కూడా అతని బెంగ పురుగునయ్యానని కాదు, అయిదింటి రైలు తప్పిందని. కాఫ్కా ప్రాగ్‌లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో ఉద్యోగి. మనుషుల వేళ్లకూ చేతులకూ ఎంత నష్టపరిహారమో లెక్కచూసే కాగితాల మధ్య పనిచేసినవాడు. మావాడు పుస్తకం చంకలో పెట్టుకున్నాడు. తెల్లవారుజామున లేవడం మీద రాసిన పుస్తకమనే వాడి నమ్మకాన్ని నేను చెరపలేదు.

మూడోది నా కోసం తీసుకున్నాను. ఇంట్లో ఉంది, అయినా తీసుకున్నాను. ఫిట్జెరాల్డ్ 'ద గ్రేట్ గ్యాట్స్‌బీ', 1925. అందరికీ గుర్తుండేది అందులోని విందులు, పసుప్పచ్చ కారు. నేను చూపించేది చివర్లో గ్యాట్స్‌బీ ముసలి తండ్రి. కొడుకు కాల్పుల్లో పోయాడని పేపర్లో చదివి మిన్నెసోటానుంచి వస్తాడు. జేబులోంచి కౌబాయ్ కథల చిరుగుల పుస్తకం తీసి వెనక అట్ట తిప్పి చూపిస్తాడు. అక్కడ కొడుకు కుర్రతనంలో రాసుకున్న దినచర్య ఉంది. ఆరింటికి లేవడం, డంబెల్స్, కరెంటు గురించి చదువు, పని, ఆటలు, ఉపన్యాసం అభ్యాసం, కొత్త యంత్రాలేం కనిపెట్టాలో ఆలోచన. కింద ప్రతిజ్ఞలు. వారానికో మంచి పుస్తకం. వారానికి అయిదు డాలర్ల పొదుపు, ఆ అయిదు కొట్టేసి మూడు. అమ్మానాన్నల్ని ఇంకా బాగా చూసుకోవాలి.

ఆ కొట్టివేత దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. హిల్ పుస్తకంలో ఎన్ని పేజీలు తిప్పినా ఎవడూ అయిదు కొట్టేసి మూడు వెయ్యడు.

తండ్రి ఆ జాబితాను పైకి చదివి ఎదురుగా ఉన్న, కథ చెప్పే నిక్‌కేసి చూస్తాడు, నువ్వూ రాసుకుంటావేమో అన్నట్టు. చచ్చినవాడి టైంటేబుల్! అది నడిచింది కూడా. పిల్లవాడు కోటీశ్వరుడయ్యాడు, దొంగసారాతో. వందలమంది అతని ఇంట్లో తిని తాగారు. శవం వెనక నడిచినవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. స్నేహితుల్ని సంపాదించే పుస్తకం ఇంకో పదకొండేళ్లకుగానీ రాలేదు కదా, పాపం అతనికి అందలేదు. రాసినవాడి సంగతి కూడా అంతే. 1940లో ఫిట్జెరాల్డ్ పోయేనాటికి, ఆ నవల రెండో ముద్రణ ప్రతులు ప్రచురణకర్త గిడ్డంగిలో అమ్ముడుపోక పడున్నాయి.

నూరు రూపాయలిచ్చి ఇంటికొచ్చాం. మావాడు కిట్టు నా టీపాయ్ మీదే మర్చిపోయాడు. లేక వదిలేశాడో. వాటిని నేను నవలల అరలో, గ్యాట్స్‌బీ పక్కన పెట్టాను. హిల్ అక్కడ బాగా కుదిరాడు.

బుధవారం రాత్రి పదకొండింటికి ఫోన్.

"మావయ్యా" అన్నాడు. ముందు పేరు లేదు. "ఆ పురుగు ఇంటికి ఆఫీసు పెద్ద గుమాస్తా వస్తాడు చూడు, ఒక్కపూట రాలేదని. మొన్న నాకు జ్వరమొస్తే మా పైవాడు కూడా అలాగే వచ్చాడు. మంచం దగ్గర కుర్చీ వేసుకుని టార్గెట్ ఎంతయిందన్నాడు."

నేనేం మాట్లాడలేదు. వాడూ కాసేపు మాట్లాడలేదు. వెనక ఏదో టీవీ మోగుతోంది.

"ఇంకా పదకొండు డబ్బాలు మిగిలాయి మావయ్యా, వాళ్లు వెనక్కి తీసుకోరట. అత్తకి మోకాళ్ల నెప్పులన్నావు కదా. ఎమ్మార్పీలో సగం ఇచ్చినా చాలు."